పాత కారు బోల్టులు చెప్పు చరిత్ర

శాసనములు, నాణెములు, కుండపెంకులు చరిత్రకు సాక్ష్యములని విద్యార్థులు పాఠములలో చదువుదురు. ఒక నాణెము మీది అక్షరముల తీరును, లోహమును, బరువును పరిశీలించి, అది ఏ కాలమునాటిదో పండితులు నిర్ణయింతురు. యంత్రములకు కూడ ఇట్టి సాక్ష్యములు కలవు. వాటిలో మిక్కిలి చిన్నది, సాధారణముగా ఎవరును లెక్కచేయనిది, బోల్టు. దానిని చదువుట తెలిసినవారికి అది తాను పుట్టిన దేశమును, కాలమును, ఒక్కొక్కప్పుడు తన్ను తయారుచేసిన కర్మాగారపు పూర్వకథను కూడ చెప్పగలదు.

ఈ విషయము పాత మోటారు కార్లను బాగుచేయు వారికి అనుభవపూర్వకముగా తెలియును. పాత కారును పూర్తిగా విప్పి, తుప్పు తీసి, అరిగిన భాగములను సరిచేసి, అది కర్మాగారమునుండి వెలువడిననాటి స్థితికి తిరిగి తెచ్చు పనిని పునరుద్ధరణము అందురు. బ్రిటన్, అమెరికా మొదలగు దేశములలో, ముఖ్యముగా 1930–1960 మధ్య తయారైన చిన్న పందెపు తరహా కార్ల విషయమున, ఈ పని ఒక విద్యగా పెరిగినది. ఇంజను, రంగు, తోలు ఆసనములు కష్టమైన పనులని చూచువారు తలంతురు. కాని పునరుద్ధారకులను మిక్కిలి చికాకుపరచునవి బోల్టులు, నట్లు, వాషర్లు, మరమేకులు. ఇంజను ఒక్కటే, దాని సంఖ్య దానిమీదనే చెక్కబడి యుండును. బోల్టులు వందలకొలది యుండును. డెబ్బదియైదేండ్లలో ఎందరో మెకానికులు వాటిని విప్పిరి. పోయిన దాని స్థానమున చేతికందిన మరియొక దానిని బిగించిరి. కనుక నేడు కారుకున్న బోల్టులలో ఏది మొదటిది, ఏది తరువాత చేరినది అని తేల్చుట చరిత్ర పరిశోధన వంటిదే.

ఈ సంగతికి ఎం.జి. టి.సి. అను ఆంగ్ల కారు చక్కని ఉదాహరణము.

ఒక చిక్కుప్రశ్న

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన 1945 లోనే ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణమున ఎం.జి. టి.సి. తయారీ ప్రారంభమైనది. 1949 వరకు సుమారు 10,000 కార్లు తయారైనవి. రెండే ఆసనములు, ఎత్తైన తీగచక్రములు, కొయ్యచట్రముపై రేకు బిగించిన ఒళ్లు, 1,250 ఘన సెంటీమీటర్ల ఇంజను దాని లక్షణములు. అన్ని విధముల అది ఆంగ్లేయుల కారు.

ఇట్టి కారు ఇంజనునుండి ఒక బోల్టును విప్పి కొలిచినచో వింత కనబడును. ఇంగ్లండులో ఆ కాలమున సమస్తమును అంగుళములలోనే కొలిచెడివారు. కాని ఈ బోల్టు వ్యాసము 8 మిల్లీమీటర్లు. మర కూడ మిల్లీమీటర్ల లెక్కదే. అట్లయిన మిల్లీమీటర్ల పానాతో విప్పవచ్చునని తలచినచో అదియును పొరపాటే. 13 మిల్లీమీటర్ల పానా దాని తలకు ఎక్కదు. 14 మిల్లీమీటర్ల పానా జారిపోవును. ఆంగ్ల విట్వర్త్ పానా మాత్రము చక్కగా పట్టును. అనగా బోల్టు ఒళ్లు ఫ్రెంచిది, తల ఆంగ్లేయులది! ఈ వింతకు కారణము తెలిసికొనవలెనన్న నూరేండ్ల వెనుకకు పోవలెను.

మర అనగా నేమి?

ఒక కాగితమును లంబకోణ త్రిభుజముగా కత్తిరించి పెన్సిలు చుట్టును చుట్టినచో, దాని కర్ణము మెలితిరుగుచు పైకి ప్రాకును. అదియే మర రూపము. కనుక మర అనునది కడ్డీకి చుట్టిన వాలుతలమే. బోల్టును గుర్తించుటకు నాలుగు కొలతలు తెలియవలెను. మొదటిది ఒంటి వ్యాసము. రెండవది భ్రమణాంతరము, అనగా ఒక పూర్తి చుట్టునకు బోల్టు ముందునకు సాగు దూరము. పాఠశాలలో స్క్రూగేజి వాడిన విద్యార్థికి ఇది పరిచితమే. అంగుళముల పద్ధతిలో దీనిని 'అంగుళమునకు ఇన్ని చుట్లు' అని చెప్పుదురు. మూడవది గాడి రెండు ప్రక్కల నడుమ నుండు కోణము. నాలుగవది ఆరుపలకల తలలో ఎదురెదురు పలకల మధ్య దూరము.

మొదటి మూడును నట్టుతో సరిపోవలెను. నాలుగవది పానాతో సరిపోవలెను. ఈ నాలుగు కొలతలలో ఏ దేశమునకు ఆ దేశము, ఏ కాలమునకు ఆ కాలము వేరు నియమములు పెట్టుకొనుటయే బోల్టుల చరిత్ర.

విట్వర్త్ చేసిన మేలు

పందొమ్మిదవ శతాబ్ది మొదటి భాగమున ఇంగ్లండులో ఏ కర్మాగారపు మర దానిదే. ఒక ఊరిలో చేసిన నట్టు మరియొక ఊరి బోల్టునకు ఎక్కెడిది కాదు. యంత్రము చెడిపోయినచో దానిని చేసినవారి యొద్దకే పోవలసివచ్చెడిది. ఈ గందరగోళమును తీర్చినవాడు జోసెఫ్ విట్వర్త్ (1803–1887). ఈయన లండనులో హెన్రీ మాడ్స్లే కర్మశాలలో పనిచేసి, 1833 లో మాంచెస్టరులో స్వంతముగా యంత్రనిర్మాణము ప్రారంభించెను.

విట్వర్త్ అవలంబించిన మార్గము గమనింపదగినది. ఆయన తనకు తోచిన కొలతలను ఇతరులపై రుద్దలేదు. ఇంగ్లండులోని ముఖ్య కర్మాగారములనుండి బోల్టులను సేకరించి, వాటి కొలతల సగటును తీసెను. గాడి కోణమును 55 డిగ్రీలుగా నిర్ణయించి, మొనలను, గాడి అడుగును గుండ్రముగా నుంచెను. పావు అంగుళపు బోల్టునకు అంగుళమునకు 20 చుట్లు, అర అంగుళపు దానికి 12, అంగుళపు దానికి 8 అని పట్టిక ఏర్పరచి, 1841 లో లండను సివిల్ ఇంజనీర్ల సంస్థకు సమర్పించెను. ఇరువది ఏండ్లలో ఇంగ్లండంతటను ఆ పట్టికయే అమలులోనికి వచ్చెను. ఒక దేశము మొత్తమునకు మరల ప్రమాణము ఏర్పడుట ఇదియే మొదలు.

గాడి అడుగును గుండ్రముగా నుంచుటలో గొప్ప లాభము కలదు. లోహములో పదునైన మూల యున్నచోట బలమంతయు కేంద్రీకరించి పగులు పుట్టును. అడుగు గుండ్రముగా నున్నచో బలము చెదరి, బోల్టు ఎక్కువకాలము మన్నును.

ఒక ప్రమాణమునకు బదులు అనేకములు

కాని ప్రమాణములు ఒకటితో ఆగలేదు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864 లో ఫిలడెల్ఫియా నగరమున వేరొక పద్ధతిని ప్రతిపాదించెను. అందు కోణము 60 డిగ్రీలు. మొనలు గుండ్రముగాక సమతలముగా నుండును. 60 డిగ్రీలు సమబాహు త్రిభుజపు కోణము గనుక పనిముట్టును సానపట్టుటయు, సరిచూచుటయు సులభమని ఆయన వాదము. ఫ్రాన్సులో మీటరు పద్ధతి ననుసరించి 1894 లో ఒక ప్రమాణము ఏర్పడెను. 1898 లో జ్యూరిచ్ నగరమున జరిగిన సమావేశములో ఐరోపా దేశములు అంతర్జాతీయ మీటరు మరను అంగీకరించెను. ఈ రెంటికిని స్వల్ప భేదము కలదు. 8 మిల్లీమీటర్ల బోల్టునకు పాత ఫ్రెంచి పద్ధతిలో భ్రమణాంతరము 1 మిల్లీమీటరు. జ్యూరిచ్ పద్ధతిలో 1.25 మిల్లీమీటర్లు. ఈ పావు మిల్లీమీటరు సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఇంగ్లండులోనే మరి రెండు ప్రమాణములు పుట్టినవి. గడియారములు, విద్యుత్ పరికరములు మొదలగు సున్నితమైన పనులకు బ్రిటిష్ అసోసియేషన్ 1884 లో బి.ఏ. మరను సూచించెను. అది గణితప్రియులకు ఆనందము కలిగించునట్టిది. సున్న సంఖ్య మరకు వ్యాసము 6 మిల్లీమీటర్లు, భ్రమణాంతరము 1 మిల్లీమీటరు. ఆపై ప్రతి సంఖ్యకును భ్రమణాంతరము ముందుదానిలో పదింట తొమ్మిది వంతులు. అనగా 1, 0.9, 0.81, 0.73 అని గుణశ్రేఢిలో తగ్గుచుపోవును.

రెండవది మోటారు కార్లవంటి యంత్రముల అవసరము వలన వచ్చినది. విట్వర్త్ మర ముతకది. ఎడతెగక కదలు యంత్రములలో అది వదులగుచుండెను. ఇందుకు కారణము వాలుతలమే. భ్రమణాంతరము పెద్దదైనచో వాలు ఎక్కువ. వాలు ఎక్కువైనచో అదురుపాటునకు నట్టు వెనుకకు జారును. కనుక 1908 లో 'బ్రిటిష్ ప్రమాణపు సన్నమర' ఏర్పడెను. దీనిని బి.ఎస్.ఎఫ్. అందురు. 5/16 అంగుళపు బోల్టునకు విట్వర్త్ పద్ధతిలో అంగుళమునకు 18 చుట్లయిన, సన్నమరలో 22. గాడి లోతు తగ్గుటచే నడుమ మిగులు ఉక్కు కూడ పెరుగును. లెక్క వేసినచో ఈ కొలత బోల్టులో గాడి అడుగున మిగులు వైశాల్యము సుమారు నూటికి 11 వంతులు ఎక్కువ. బలమును పెరిగినది, వదులగుటయు తగ్గినది.

ఫ్రెంచి మర ఇంగ్లండునకు వచ్చిన విధము

ఇక చిక్కుప్రశ్నకు సమాధానము. బెంజమిన్ హాచ్‌కిస్ అను అమెరికను ఇంజనీరు పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రాన్సునకు పోయి, పారిస్ సమీపమున ఆయుధముల కర్మాగారమును స్థాపించెను. ఆయన మరణించిన తరువాత కూడ ఆ కంపెనీ వర్ధిల్లెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున జర్మను సేనలు ఫ్రాన్సులో ముందునకు చొచ్చుకొని వచ్చుటచే, ఆ కంపెనీ ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణమున కూడ మరతుపాకులు చేయుటకు కర్మాగారము తెరచెను. యంత్రములును, పనిముట్లును ఫ్రెంచి అలవాటు ప్రకారము మిల్లీమీటర్లకు సిద్ధపరచినవి.

యుద్ధము ముగిసెను. తుపాకులకు గిరాకి పోయెను. అదే సమయమున ఆక్స్‌ఫర్డ్‌లో కార్లు చేయుచున్న విలియం మారిస్‌నకు ఇంజనులు కావలసివచ్చెను. అంతకుముందు ఆయన అమెరికానుండి ఇంజనులను తెప్పించుకొనెడివాడు. హాచ్‌కిస్ వారు 1919 నుండి ఆ అమెరికను ఇంజను నమూనానే కోవెంట్రీలో చేసి ఇచ్చుటకు ఒప్పుకొనిరి. తుపాకుల యంత్రములే ఇంజనులు చేయుటకు వినియోగపడెను. ఆ యంత్రములు మిల్లీమీటర్ల మరలను కోయునవి గనుక ఇంజనులకు మిల్లీమీటర్ల మరలే పడెను.

అమ్మకములో మాత్రము చిక్కు వచ్చినది. ఇంగ్లండులోని కార్ల షాపులలో ఉన్నవన్నియు విట్వర్త్ పానాలే. బోల్టు తలలు మిల్లీమీటర్లలో ఉన్నచో ఏ మెకానికును వాటిని విప్పలేడు. కనుక ఒళ్లు ఫ్రెంచి కొలతకును, తల విట్వర్త్ కొలతకును చేసిరి. 1923 లో మారిస్ ఆ కోవెంట్రీ కర్మాగారమును కొని 'మారిస్ ఇంజన్స్' అని పేరు పెట్టెను. యంత్రములను మార్చుటకు అయ్యెడి ఖర్చు ఎక్కువ. అలవాటైన మర పనికివచ్చుచునే యున్నది. కనుక ఆ పద్ధతి అట్లే నిలిచినది. మారిస్ కార్ల సంబంధముతో పుట్టిన ఎం.జి. కార్లకును కోవెంట్రీ ఇంజనే పెట్టుటచే, తుపాకుల కర్మాగారపు మర పందెపు కారులో చేరినది. టి.సి. తరువాత వచ్చిన టి.డి., టి.ఎఫ్. కార్లలో కూడ, అనగా 1955 వరకు, అది సాగెను.

టి.సి. కారు మొత్తమును చూచినచో మరల సంగ్రహాలయమువలె నుండును. ఇంజనుకు, గేరుపెట్టెకు ఫ్రెంచి మీటరు మర. చట్రమునకు ముఖ్యముగా ఆంగ్ల సన్నమర. దీపములకును విద్యుత్ పరికరములకును బి.ఏ. మర. ఒంటికి లోపలనున్న యాష్ కొయ్యచట్రమునకు కొయ్య మరమేకులు. ఒక్క కారులో నాలుగు చరిత్రలు.

బోల్టు తారుమారైనచో

సుమారు 2,000 టి.సి. కార్లు అమెరికాకు చేరినవి. అక్కడి మెకానికులకు ఈ చరిత్ర తెలియదు. 8 మిల్లీమీటర్ల ఇంజను బోల్టునకు విట్వర్త్ తల వెడల్పు 0.525 అంగుళము. అమెరికను అర అంగుళపు పానా దానికి ఎక్కదు. 9/16 అంగుళపు పానా వదులై తల మూలలను అరగదీయును. అరిగిన బోల్టును పారవేసి, దానికి దగ్గరగా కనబడు మరియొక దానిని బిగించెడివారు. ఇచ్చటనే ప్రమాదము దాగియున్నది.

5/16 అంగుళము 7.94 మిల్లీమీటర్లు. కంటికి అది 8 మిల్లీమీటర్లే. ఆంగ్ల సన్నమర బోల్టులో భ్రమణాంతరము 25.4 ను 22 చే భాగించిన 1.15 మిల్లీమీటర్లు, కారు గాడిలో 1 మిల్లీమీటరు. చుట్టు చుట్టునకు 0.15 మిల్లీమీటరు తేడా పెరుగుచు, మూడు చుట్లకే గట్టు గాడిలో పడక గట్టుపై కూర్చుండును. బోల్టు బిగుసుకొనును, మెకానికునకు తప్పు తెలియును. అమెరికను సన్నమరలో అంగుళమునకు 24 చుట్లు గనుక దాని భ్రమణాంతరము 1.06 మిల్లీమీటర్లు. తేడా 0.06 మాత్రమే. కనుక అది ఏడెనిమిది చుట్లవరకు దూరగలదు. 'బాగుగా బిగిసినది' అను భ్రమ కలిగించి, లోపలి మరను చెరపివేయును. ఎక్కువ తేడా గల బోల్టు కంటె తక్కువ తేడా గల బోల్టే ఎక్కువ హాని చేయుననుట ఇందలి నీతి. చెడినది బోల్టు మర అయిన నష్టము స్వల్పము. ఇంజను దిమ్మలోని మర చెడినచో దానిని సరిచేయుట మిక్కిలి ప్రయాస.

నేటి అంగడిలో సాధారణముగా దొరకు 8 మిల్లీమీటర్ల బోల్టు కూడ పనికిరాదు. దాని భ్రమణాంతరము 1.25. పాఠకులు గుర్తుంచుకొనిన పావు మిల్లీమీటరు ఇచ్చట అడ్డుపడును. 1 మిల్లీమీటరు భ్రమణాంతరము గల సన్నమర బోల్టులు ప్రత్యేకముగా దొరకును. అవి ఎక్కును, పనిచేయును. కాని వాటి తల 13 మిల్లీమీటర్లు. అసలు తల 13.3 మిల్లీమీటర్లు. ఈ చిన్న భేదము కొరకే పునరుద్ధారకులు పాత కార్ల శిథిలములను వెదకుదురు. ఆరుపలకల ఉక్కు కడ్డీనుండి లేత్‌పై క్రొత్తవానిని చేయించుకొందురు.

ఏకీకృత మర

దేశమునకొక మర యుండుటవలని నష్టము యుద్ధములో బయటపడెను. బ్రిటన్‌లో రూపొందిన రోల్స్‌రాయిస్ మెర్లిన్ విమాన ఇంజనును రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ చేసెను. ఆ ఇంజనులో ఉన్నవి ఆంగ్ల మరలు. వాటిని కోయు పనిముట్లు అమెరికాలో లేవు. మరలను మార్చినచో అమెరికాలో చేసిన భాగము బ్రిటన్‌లో చేసిన ఇంజనునకు సరిపడదు. కనుక ప్యాకార్డ్ వారు ఆంగ్ల మరలనే యథాతథముగా కోయుటకు కావలసిన పనిముట్లను స్వయముగా చేసికొనవలసి వచ్చెను.

ఈ పాఠము వృథా కాలేదు. 1948 నవంబరు 18 వ తేదీన వాషింగ్టనులో అమెరికా, బ్రిటన్, కెనడా దేశములు ఒక ఒప్పందము చేసికొని, 60 డిగ్రీల కోణము గల ఏకీకృత మరను అంగీకరించెను. 1955 లో వచ్చిన ఎం.జి.ఏ. కారులో 1,489 ఘన సెంటీమీటర్ల క్రొత్త ఇంజనుతోపాటు ఏకీకృత మరయు వచ్చి, తుపాకుల కర్మాగారపు మర సెలవు తీసికొన్నది. 1965 లో బ్రిటిష్ ప్రమాణముల సంస్థ విట్వర్త్, సన్నమర, బి.ఏ. మరలను ఇకమీదట క్రొత్త యంత్రములలో వాడరాదని సలహా ఇచ్చి, మీటరు మరకు మొదటి స్థానమిచ్చెను.

ఎం.జి.ఏ. ఇంజను తెలుగువారికి పరాయిది కాదు. పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో 1957 నుండి 2014 వరకు తయారై, ఆంధ్ర, తెలంగాణముల రోడ్లపై చిరకాలము తిరిగిన అంబాసడరు కారు, మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాపై వచ్చినది. అందు చాలకాలము పనిచేసిన 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజను ఎం.జి.ఏ. ఇంజనుకు తోబుట్టువే.

బోల్టును చదువు విధము

అనుభవశాలియైన పునరుద్ధారకుడు కారును విప్పునప్పుడు ప్రతి బోల్టును, అది ఏ స్థలమునుండి వచ్చినదో వ్రాసిన సంచిలో వేరుగా నుంచును. తరువాత కర్మాగారము ప్రకటించిన విడిభాగముల జాబితాతోను, ఎన్నడును విప్పని కార్లతోను, నాటి ఛాయాచిత్రములతోను పోల్చును. ఏ ఒక్క సాక్ష్యమును పూర్తిగా నమ్మడు; రెండు మూడు ఏకీభవించినప్పుడే నిర్ణయమునకు వచ్చును. 1930 లో స్థాపింపబడిన ఎం.జి. కార్ క్లబ్ వంటి సంఘముల సభ్యులు ఇట్టి జ్ఞానమును ఒకరితో నొకరు పంచుకొనుచున్నారు.

తలమీది గుర్తులు కూడ సాక్ష్యము చెప్పును. 'జి.కె.ఎన్.' అని యున్నచో అది 1902 లో ఏర్పడిన గెస్ట్, కీన్ అండ్ నెటిల్‌ఫోల్డ్స్ అను ఆంగ్ల కంపెనీది. తలమీద గుండ్రని పల్లము గాని, గొలుసువలె కలిసిన చిన్న వలయములు గాని ఉన్నచో ఏకీకృత మర; అట్టిది 1947 నాటి కారుకు పుట్టుకతో వచ్చి యుండదు. మూడు గీతలున్నచో అమెరికను అయిదవ తరగతి బలము, ఆరు గీతలున్నచో ఎనిమిదవ తరగతి. '8.8' అను అంకెలున్నచో అది తరువాతి కాలపు మీటరు బోల్టు. ఇట్లు ఒక్కొక్క గుర్తు, ఎవరో ఎప్పుడో చేసిన మరమ్మతును బయటపెట్టును.

అందమా, భద్రతయా?

పాత బోల్టు దొరికినంత మాత్రమున పని ముగియదు. అది బలముగా నున్నదా అను ప్రశ్న మిగులును. '8.8' అను గుర్తులో మొదటి అంకెను నూరుచే హెచ్చించిన 800. అనగా చదరపు మిల్లీమీటరునకు 800 న్యూటన్ల బలమునకు గాని తెగదు. రెండవ అంకె, అందులో పదింట ఎనిమిది వంతులు, అనగా 640 న్యూటన్లవరకు శాశ్వతముగా సాగదని తెలుపును. సాధారణమైన తుప్పుపట్టని ఉక్కు బోల్టు, 'ఏ2-70' అను గుర్తు గలది, 450 న్యూటన్లకే సాగనారంభించును. అది వెండివలె మెరయును, తుప్పుపట్టదు. కాని స్టీరింగు, బ్రేకు, చక్రముల పట్టులలో దానిని వాడుట ప్రాణములతో చెలగాటము. పైగా ఆ మెరుపు పాత కారుకు సహజము కాదు.

పూత విషయమున మరియొక చిక్కు కలదు. నాటి కార్ల బోల్టులకు కాడ్మియం పూత సామాన్యము. అది విషలోహమగుటచే నేడు చాలవరకు జింకు పూత వేయుచున్నారు. ఆమ్లములో కడిగి, విద్యుత్తుతో పూత వేయునప్పుడు ఉదజని పరమాణువులు ఉక్కులోనికి చొరబడును. మెత్తని ఉక్కునకు దానివలన పెద్ద హాని లేదు. కాని గట్టి ఉక్కు పెళుసై, బిగించిన కొన్ని గంటలకో దినములకో హఠాత్తుగా విరుగును. అందుచేత గట్టి బోల్టులను పూత వేసిన వెంటనే సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కొన్ని గంటలు ఉంచి, ఆ ఉదజనిని వెడలగొట్టుదురు.

లేత్‌పై కోసిన మరకును, అచ్చుల నడుమ నొక్కి దొర్లించిన మరకును భేదమున్నది. కోసినచో ఉక్కులోని రేణువుల వరుస తెగిపోవును. దొర్లించినచో ఆ వరుస మరననుసరించి వంగి, గాడి అడుగు మరింత గట్టిపడును. కనుక రూపములో అచ్చముగా పాతదానివలె చేసిన బోల్టు బలములో దానికి సరితూగునని చెప్పుటకు వీలులేదు.

ఇందుచేత వివేకియైన పునరుద్ధారకుడు రెండు నియమములు పాటించును. కంటికి కనబడుచు, తక్కువ భారము మోయు స్థలములలో పాత బోల్టునే శుభ్రపరచి తిరిగి వాడును. ప్రాణరక్షణకు సంబంధించిన స్థలములలో తగిన బలము గల క్రొత్తదానిని, సరియైన మరతో బిగించి, ఆ మార్పును వ్రాసి యుంచును. మొదటి నియమమువలన చరిత్ర నిలుచును. రెండవదానివలన మనిషి నిలుచును. వ్రాసి యుంచుటవలన రాబోవు తరమువారు మోసపోకుందురు.

పాత బోల్టులన్నిటిని పారవేసి, అన్నియు ఒకే రకపు క్రొత్తవానిని బిగించినను కారు నడచును. కాని ఒక ఫ్రెంచి తుపాకుల కర్మాగారము ఆంగ్ల కారుకు ప్రాణము పోసిన కథ ఆ కారులో ఇక కనబడదు. పుస్తకములు చెప్పిన దానిని వస్తువు రుజువు చేయజాలదు.

ఈ విద్య నేర్చుటకు విదేశపు కారు అక్కరలేదు. సైన్సు ఉపాధ్యాయుడు సైకిలు షాపునుండియో, ఇనుప సామానుల అంగడినుండియో పది రకముల బోల్టులు తెప్పించి విద్యార్థుల ముందుంచవచ్చును. స్క్రూగేజితో వ్యాసము కొలిపించి, స్కేలు ప్రక్కన ఉంచి అంగుళమునకు, సెంటీమీటరునకు ఎన్ని చుట్లున్నవో లెక్కింపజేసి, తలమీది గుర్తులు వ్రాయించవచ్చును. లెక్క అంగుళములలో సరిగా వచ్చునా, మిల్లీమీటర్లలో వచ్చునా అని చూచినచో, ఏ బోల్టు ఏ పద్ధతిదో విద్యార్థులే తేల్చగలరు.